వ్రాయసకాని వెన్నునొప్పి

తాళపత్ర గ్రంథాలతో పరిచయమున్న మిత్రులకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. గ్రంథం ముగిసి, ఫలశ్రుతి కూడా పూర్తయిన తరువాత, కొన్ని ప్రతులలో చిట్టచివర వ్రాయసకాడు తన మాటగా ఒక చిన్న సంస్కృత శ్లోకం చేర్చేవాడు. వీపు, నడుము, మెడ విరిగిపోయాయనీ, చూపు బిగుసుకుపోయిందనీ, తల వంచుకొని ఎంతో కష్టపడి ఈ గ్రంథాన్ని వ్రాశాననీ, కనుక దీనిని జాగ్రత్తగా కాపాడవలసిందనీ దాని సారాంశం. ఒకరు రచించినదాన్ని మరొకరు గ్రహించి, దేశమంతటా లేఖకులు తమ తమ ప్రతుల చివర వ్రాసుకొన్న శ్లోకమది.

ప్రాచ్య కళాశాలలో చదివే రోజులలో మొదటిసారి ఆ శ్లోకం విన్నప్పుడు మేమందరం నవ్వుకొన్నాము. ఇరవై ఏళ్ళ ప్రాయం. వెన్ను అనేది ఒకటి ఉన్నదని తెలియని వయస్సు. గురువుగారు మాత్రం నవ్వలేదు. "మీరూ వ్రాతగాళ్ళే కాబోతున్నారు, తొందరపడి నవ్వకండి" అన్నారు. ముప్పది నాలుగేళ్ళు తెలుగు పండితుడిగా నల్లబల్లల మీద, జవాబు పత్రాల మీద చేయి ఆడించిన తరువాత ఆయన మాట నాకు కుడి భుజంలో అర్థమయింది. ఉద్యోగ విరమణ నాడు ఆఖరి తరగతికి వెళ్ళి అలవాటుగా బల్ల పైఅంచున తేదీ వ్రాయబోతే చేయి అంత ఎత్తుకు లేవలేదు. ముందు వరుసలోని పిల్లవాడొకడు లేచి వచ్చి, సుద్దముక్క తీసుకొని తానే వ్రాశాడు. వాడు దానిని గౌరవంగా చేశాడు. నేను సిగ్గుగా నిలబడ్డాను.

ఆ తరువాత తీరిక దొరికి, పనివల్ల వచ్చే నొప్పిని గూర్చి మనుష్యులు ఏనాటి నుండి ఆలోచిస్తున్నారు, దానికి ఏమి చేశారు అని చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఒక విషయం స్పష్టమయింది. నొప్పి ఎందుకు వస్తుందో, కదిలితే తగ్గుతుందో లేదో అన్నవి కొత్త ప్రశ్నలు కావు. వాటికి మూడు వందల ఏళ్ళ క్రిందటే జవాబులున్నాయి. ఆ కదలికకు కావలసిన కొద్ది నిమిషాలు ఎవరి ఖాతాలో పడాలి అన్నదే ఇంతకాలం తేలని లెక్క.

ఈ కథకు ఆదిపురుషుడు ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్దీనో రమజ్జీని (1633-1714). మోడెనా నగరంలో వైద్యశాస్త్రం బోధించేవాడు. ఒకనాడు తన ఇంటి మలకూపాన్ని శుభ్రం చేస్తున్న పనివాడు ఊపిరాడనంత తొందరగా పని చేయడం చూసి, ఎందుకంత ఆత్రం అని అడిగాడట. ఇక్కడ ఎక్కువసేపు ఉంటే కళ్ళు మండి, క్రమంగా చూపే పోతుందని ఆ పనివాడు చెప్పాడు. వైద్యుడు ఆ మాటను విని ఊరుకోలేదు. నగరంలోని కుమ్మరులు, నేతగాండ్రు, దర్జీలు మొదలైన వారి పనిచోట్లకు స్వయంగా వెళ్ళి చూశాడు. ఆ పరిశ్రమ ఫలితంగా 1700లో శ్రామికుల వ్యాధులను గూర్చి లాటిన్ భాషలో గ్రంథం వెలువడింది. 1713లో దానినే పెంచి పాడువాలో మళ్ళీ ప్రచురించాడు. రోగిని వైద్యుడు అడగవలసిన ప్రశ్నలను ప్రాచీనులు చెప్పగా, వాటికి మరొకటి చేర్చుమన్నాడు రమజ్జీని: నీవు ఏ పని చేస్తావు?

ఆ గ్రంథంలో లేఖకుల మీద ఒక అధ్యాయం ఉన్నది. వారి బాధకు ఆయన మూడు కారణాలు చెప్పాడు. మొదటిది ఎడతెగని కూర్చోవడం. రెండవది చేయి ఒకే తీరున నిరంతరం కదలడం. మూడవది మనస్సుపై ఒత్తిడి. లెక్కలో తప్పు దొర్లుతుందేమో, యజమానికి నష్టం వస్తుందేమో అన్న భయం లేఖకుని కండరాలను వదలనివ్వదని ఆయన గ్రహించాడు. శరీరాన్నీ మనస్సునూ ఆనాడే ఒకే పద్దు క్రింద వ్రాశాడన్నమాట. తానెరిగిన ఒక పత్ర లేఖకుని ఉదంతం కూడా చెప్పాడు. జీవితమంతా వ్రాసి వ్రాసి అతని కుడిచేయి చచ్చుపడింది. పట్టుదలతో ఎడమచేతికి వ్రాత నేర్పుకొన్నాడు. కొంతకాలానికి ఎడమచేతికీ అదే గతి పట్టింది.

మరి విరుగుడు? కూర్చొని పని చేసేవారు కనీసం సెలవు దినాలలోనైనా వ్యాయామం చేయాలనీ, అనేక దినాల కూర్చోవడంవల్ల కలిగిన హానిని ఒక్కరోజు కదలికతో కొంతవరకైనా పూరించుకోవాలనీ ఆయన సలహా. "కనీసం సెలవు దినాలలోనైనా" అన్న ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వారంలో మిగిలిన దినాలు యజమానివని ఆ వైద్యునికి తెలుసు. తాను చీటీ వ్రాయగలిగినంత మేర ఆ ఒక్క సెలవు దినమే. మందు తెలిసికూడా మోతాదు తగ్గించి ఇవ్వవలసి వచ్చిన వైద్యుని నిస్సహాయత ఆ వాక్యంలో నాకు వినిపించింది.

రమజ్జీని తరువాత నూరేళ్ళకు వ్యాయామం ఒక శాస్త్రంగా రూపుకట్టింది. స్వీడన్ దేశంలో పేర్ హెన్రిక్ లింగ్ అనే ఆయన 1813లో స్టాక్‌హోమ్‌లో రాజకీయ పోషణతో ఒక వ్యాయామ విద్యాలయం స్థాపించాడు. ఆయన వ్యాయామాన్ని నాలుగు తెగలుగా విభజించాడు: విద్యార్థులకు ఉద్దేశించినది, సైనికులకు ఉద్దేశించినది, రోగులకు ఉద్దేశించినది, భావాన్ని అంగవిన్యాసంతో వ్యక్తం చేసే సౌందర్యాత్మకమైనది. చక్కని విభాగమే. బడిపిల్లవానికి చోటున్నది, సిపాయికి చోటున్నది, మంచం పట్టినవానికి చోటున్నది. బల్ల ముందు కూర్చొని, ఇంకా మంచం పట్టని పనివానికి మాత్రం ప్రత్యేకమైన తెగ లేదు.

పందొమ్మిదవ శతాబ్దంలో తంతివార్త వచ్చి వ్రాయసకాని నొప్పిని కొత్త చేతులకు అంటించింది. రోజంతా ఒకే మీటను పైకీ క్రిందికీ నొక్కే టెలిగ్రాఫ్ ఉద్యోగులకు వ్రేళ్ళు కొంకర్లు పోవడం, మణికట్టు బిగుసుకోవడం మొదలయింది. బ్రిటన్‌లో 1906 నాటి కార్మిక పరిహార చట్టం క్రింద ఈ వ్యాధిని 1908లో చేర్చారు. పనిచేసే చేతికి వచ్చిన కొంకర్లు పరిహారం చెల్లించదగిన వ్యాధిగా రాజముద్ర పొందాయి. కాని ఆ తరువాత దీనిపై విచారించిన ప్రభుత్వ సంఘం 1911లో ఇచ్చిన నివేదిక రెండు కారణాలను పక్కపక్కన నిలిపింది. ఒకటి మాటిమాటికీ కలిగే అలసట, రెండవది ఉద్యోగి నరాల బలహీనత. ఈ రెండవ కారణం చూడండి. పనిని నిందించవలసిన చోట సగం నింద పనివాని స్వభావం మీదికి జరిగిపోయింది. "అందరూ చేయడం లేదా, నీకే ఎందుకు నొప్పి?" అన్న ప్రశ్న మనలో చాలామంది విన్నదే. దానికి ఇంత వయస్సున్నది.

ఆ రోజులలోనే మరొక దారి త్రొక్కినవాడు అమెరికాకు చెందిన హొరేస్ మార్టిన్. పైకీ క్రిందికీ నొక్కే మీటకు బదులు, అడ్డంగా కొద్దిగా నెడితే చుక్కలు తమంతట తామే పలికే మీటను రూపొందించి 1904లో హక్కు పత్రం పొందాడు. పనివానిని సరిదిద్దడానికి ముందు పనిముట్టును సరిదిద్దవచ్చునన్న ఆలోచన అది. దీనికి మన తెలుగునాటనే గొప్ప ఉదాహరణ ఉన్నది. దాని వద్దకు మళ్ళీ వస్తాను.

ఇక వ్యాయామం పనిచోటికి ఎట్లా చేరింది? దీని వెనుక ఉన్నది జీవిత బీమా వ్యాపారమంటే ఆశ్చర్యం కలుగుతుంది. 1925లో అమెరికాలోని మెట్రోపాలిటన్ లైఫ్ బీమా సంస్థ న్యూయార్క్ నుండి రేడియోలో ఉదయపు వ్యాయామాలను ప్రసారం చేయించింది. చందాదారులు ఎక్కువకాలం బ్రతికితే బీమా సంస్థకు లాభం. అది చూసిన జపాన్ తపాలా శాఖ బీమా అధికారులు తమ దేశంలోనూ అటువంటిది కావాలనుకొన్నారు. చక్రవర్తి హిరోహితో పట్టాభిషేక సందర్భాన్ని పురస్కరించుకొని 1928 నవంబరు 1న రేడియో వ్యాయామం మొదలయింది. వాద్యం వినిపిస్తుంటే ఊరూవాడా లేచి నిలబడి చేతులు చాచేవారు. 1930లలో యుద్ధోన్మాదం పెరిగినకొద్దీ ఇది జాతినంతటినీ ఒకే తాళానికి నడిపించే సాధనంగా కూడా మారింది. అందువల్ల యుద్ధంలో ఓటమి తరువాత, విదేశీ సేనల ఆధిపత్యం క్రింద, 1947లో ఆగిపోయింది. 1951లో కొత్త రూపంలో తిరిగి వచ్చింది. మరుసటి సంవత్సరం, అంటే 1952లో, రెండవ వరుస వ్యాయామాన్ని చేర్చారు. మూడు నిమిషాల పాటు పదమూడు కదలికలు. ఇది ప్రత్యేకించి పనిచేసే వయస్సువారు తమ పనిచోటనే చేసుకోవడానికి కూర్చినది. లింగ్ నాలుగు తెగలలో కనబడని ఆ ఐదవ మనిషికి ఇక్కడ చోటు దొరికింది.

కథ ఇక్కడితో సుఖాంతమని మొదట అనుకొన్నాను. కాలేదు. అదే జపాన్‌లో 1950లు, 60లలో లెక్కల యంత్రాల కోసం అట్టలకు రంధ్రాలు పొడిచే కీ పంచ్ ఉద్యోగినులకు మెడ, భుజం, చేయి పట్టుకుపోవడం పెద్ద సమస్యయింది. మూడు నిమిషాల వ్యాయామం జాతీయ అలవాటయిన దేశంలోనే ఇట్లా జరిగింది. కారణం వెదకడానికి దూరం పోనక్కరలేదు. ప్రొద్దున మూడు నిమిషాలు చేతులు చాచి, ఆపైన గంటల తరబడి ఆ చేతులనే వేగంగా నడిపిస్తే ఆ మూడు నిమిషాలు ఏమి చేయగలవు? 1964లో అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలు జారీ చేసింది. ఏకబిగిన అరవై నిమిషాలకు మించి ఈ పని చేయించరాదు. నడుమ పది నుండి పదిహేను నిమిషాలు విడుపు ఇవ్వాలి. రోజు మొత్తంలో మూడు వందల నిమిషాలకు మించరాదు. మీటల నొక్కుడు రోజుకు సగటున 40,000 దాటరాదు. రమజ్జీని సెలవు దినంలో అడిగిన విడుపు రెండున్నర శతాబ్దాలు గడిచాక పనిగంటలోకి అడుగుపెట్టింది.

మన వైద్యులు మందుతో పాటు పథ్యం చెబుతారు. పథ్యం లేని మందు గొంతు దిగుతుందే గాని రోగం దింపదు. ఈ విషయంలో వ్యాయామం మందు, విరామం పథ్యం.

ఈ మాటకు ఇటీవలి పరిశోధనలు కూడా బలం చేకూర్చాయి. డెన్మార్క్‌లో తరచు మెడ, భుజాల నొప్పితో బాధపడే 198 మంది ఉద్యోగులను మూడు బృందాలుగా విభజించి పది వారాలు పరిశీలించారు. ఫలితాలు 2011లో ప్రచురితమయ్యాయి. ఒక బృందం వారానికి ఐదు రోజులు, రోజుకు రెండే రెండు నిమిషాలు, సాగే రబ్బరు గొట్టంతో భుజాలకు వ్యాయామం చేసింది. మరొక బృందం పన్నెండు నిమిషాలు చేసింది. మూడవ బృందానికి ఆరోగ్య సమాచారం మాత్రమే ఇచ్చారు. మొదటి రెండు బృందాలకూ నొప్పి చెప్పుకోదగినంత తగ్గింది. రెండు నిమిషాలకే ఇంత గుణమా అని నేనైతే విస్తుపోయాను.

ఆ దేశంలోనే మూడు ఆసుపత్రులలో పనిచేసే 200 మంది మహిళలపై జరిగిన మరొక పరిశోధన 2015లో వెలువడింది. సగం మందికి పనివేళలలో, పనిచోటనే, తోటివారితో కలిసి పది నిమిషాల వ్యాయామం. మిగిలినవారికి అంతే వ్యాయామం, కాని ఇంటివద్ద, సొంత సమయంలో. పది వారాల తరువాత చూస్తే పనిచోట చేసినవారికే నొప్పి ఎక్కువగా తగ్గింది. వారికి శిక్షకుల తోడ్పాటు, కొన్ని ప్రోత్సాహక సమావేశాలు కూడా ఉన్నాయి గనుక గొప్పతనమంతా చోటుదే అనలేము. అయినా, ఇల్లు చేరిన స్త్రీకి ఆ పది నిమిషాలు ఎంత సులభంగా దొరుకుతాయో మన ఇళ్ళలో వంటగది వైపు చూస్తే తెలుస్తుంది. "ఇంటికి వెళ్ళి చేసుకో" అన్న సలహా తరచుగా "చేయవద్దు" అన్నదానికి మర్యాద రూపం.

మన దేశం సంగతికి వద్దాము. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఐదు గంటలకు మించి ఏకధాటిగా పని చేయించరాదనీ, నడుమ కనీసం అరగంట విరామం ఇవ్వాలనీ నిర్దేశించింది. నిలబడి పని చేయవలసినవారికి, వీలు చిక్కినప్పుడు కూర్చోవడానికి ఆసనాలు ఏర్పరచాలని కూడా అన్నది. అది కర్మాగారాల మాట. బట్టల దుకాణంలో ఉదయం నుండి రాత్రి దాకా నిలబడి చీరలు విప్పి చూపే ఆడపిల్లకు కూర్చునే హక్కు కావాలంటే కేరళలో మహిళలు ఏళ్ళ తరబడి ఆందోళన చేయవలసి వచ్చింది. అక్కడ 2018లో దుకాణాల చట్టాన్ని సవరించారు. తమిళనాడు 2021లో అటువంటి సవరణనే తెచ్చింది. కూర్చున్నవానికి లేవడం, నిలబడ్డవానికి కూర్చోవడం, రెండూ ఒకే హక్కుకు రెండు ముఖాలని నాకు తోస్తుంది. 2021 సెప్టెంబరులో కేంద్ర ఆయుష్ శాఖ పనిచోట చేయదగిన ఐదు నిమిషాల యోగ విరామాన్ని ఫోన్లకు అందించింది. ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం కలిపి ఐదు నిమిషాలు. అది పనిచోటనే చేయదగినదని ప్రభుత్వమే అన్నది గనుక చిన్న సంగతి కాదు.

ఇందాక వాయిదా వేసిన తెలుగునాటి ఉదాహరణ ఇది. పోచంపల్లి చీరకు రంగులు కట్టడానికి ముందు నూలును అర్ధచంద్రాకారంగా నిలిపిన పుల్లల చుట్టూ చేతితో పోయాలి. దీనిని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఈ పని ఇంటి ఆడవారిది. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూడలేక 1992లో యంత్రం కోసం ప్రయత్నం మొదలుపెట్టి, అప్పులు, అపహాస్యాలు భరించి, 1999 నాటికి సాధించాడు. తల్లి పేరిట దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ తల్లికి ఎవరైనా వచ్చి "అమ్మా, భుజాలు ఇట్లా త్రిప్పండి, నొప్పి తగ్గుతుంది" అని చెప్పి ఉంటే అది అబద్ధం కాకపోవచ్చు. కాని తొమ్మిది వేల సార్ల ముందు ఆ మాట ఎంత చిన్నది! కొన్ని పనులకు వ్యాయామం చాలు. కొన్నింటికి విరామం కావాలి. మరికొన్నింటికి పనినే మార్చాలి. ఏది దేనికో తెలియకపోతే వ్యాయామం కూడా యజమానికి ఒక సాకు అవుతుంది.

ఇంత చదివిన తరువాత ఎప్పటిదో ఒక సంగతి నాకు కొత్తగా కనబడింది. పదవ తరగతి పత్రాలు దిద్దే శిబిరాలలో రోజుకు నలభై పత్రాల లెక్కన దిద్దేవాళ్ళము. పిల్లలకు చేసిన బల్లల మీద పెద్దవాళ్ళము ముడుచుకొని కూర్చునేవాళ్ళము. మార్కుల కూడికలో పొరపాటు వస్తే సంజాయిషీ చెప్పుకోవాలన్న భయం మెడమీద ఉండేది. రమజ్జీని చెప్పిన మూడు కారణాలూ ఒక్క గదిలో సమావేశమయ్యేవి. ఒక ఏడు పత్రాల కట్టలు అందించే పని ఒక డ్రిల్లు మాష్టారుకు పడింది. రెండవనాడు ఆయన మా అవస్థ చూసి, "పంతులుగారూ, పిల్లల చేత చేయించేది మనం చేస్తే తప్పా?" అని, ప్రతి కట్ట పూర్తికాగానే అందరినీ లేపి భుజాలు త్రిప్పించడం, మెడ నెమ్మదిగా వంచడం, చేతులు వెనుకకు చాచడం చేయించాడు. మూడు నాలుగు నిమిషాల పని. మొదట సిగ్గుపడ్డాము. మూడవనాటికి మేమే ఆయన కోసం ఎదురుచూసేవాళ్ళము. సాయంత్రం బస్సులో కడ్డీ పట్టుకొని నిలబడితే చేయి లాగేది కాదు. చిత్రమేమిటంటే విసుగు కూడా తగ్గింది. పిల్లల వ్రాతను కోపం లేకుండా చదవగలిగాము.

ఐదవనాడు శిబిరాధికారి గది ముందునుండి వెళుతూ ఈ దృశ్యం చూశారు. కోప్పడలేదు. మంచి మనిషే. "చాలా బాగున్నది గాని, కట్టలు మిగిలిపోతున్నాయండీ. టీ వేళలో చేసుకోండి" అన్నారు. టీ వేళ పది నిమిషాలు. అందులో క్రిందికి దిగడం, వరుసలో నిలవడం, టీ త్రాగడం, పైకి ఎక్కడం. మరునాటి నుండి ఎవరూ లేవలేదు. డ్రిల్లు మాష్టారు కట్టలు ఇచ్చి మౌనంగా వెళ్ళిపోయేవాడు. మేమూ ఏమీ అనలేదు. "అయ్యా, ఈ నాలుగు నిమిషాలూ పనిలో భాగమే" అని చెప్పడానికి ఆ గదిలో పాతికమంది పండితులకు మాట దొరకలేదు. నా భుజాన్ని తలచుకొన్నప్పుడల్లా ఆనాటి మా మౌనం గుర్తుకువస్తుంది. శిబిరాధికారి కంటే మమ్మల్నే ఎక్కువగా తప్పుపట్టుకొంటాను.

ఇప్పుడు నన్ను ఆపే అధికారి లేరు. ఈ వ్యాసాన్ని కూడా కంప్యూటరు ముందు కూర్చొని, అరగంటకొకసారి లేచి, గోడకు చేయి ఆనించి మెల్లగా పైకి ప్రాకిస్తూ వ్రాశాను. నాలుగు నెలలుగా ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెప్పినట్లు చేస్తున్నాను. నల్లబల్ల పైఅంచుకు ఇంకా జానెడు దూరం ఉన్నది. నొప్పి మొండిదైతే, చేయి తిమ్మిరెక్కితే, వైద్యుని చూడకుండా నావంటి వాని మాట విని వ్యాయామాలకు దిగవద్దని మాత్రం మనవి.

ఆఫీసులలో పనిచేసే మిత్రులు, ముఖ్యంగా నలుగురిపై అధికారం ఉన్నవారు, మీ గదిలో ఎవరైనా లేచి భుజాలు త్రిప్పుకొంటుంటే "టీ వేళలో చేసుకోండి" అనకండి. మీరూ లేచి నిలబడండి. ఆ వ్రాయసకాడు తన వీపు విరిగిందని చెప్పికూడా, గ్రంథాన్ని కాపాడమన్నాడే గాని తనను కాపాడమని అడగలేదు. అడగవలసినవాటిలో అదీ ఒకటని అతనికి తోచి ఉండదు. మాకూ తోచలేదు. మీకు తోచాలని ఈ నాలుగు మాటలు వ్రాశాను.